ద్రావణంలోని లెక్క

కొలత నాగరికతకు తొలిమెట్టు. ధాన్యాన్ని కుంచాలతో, పాలను సోలలతో, బంగారాన్ని గురిగింజల ఎత్తుతో కొలుచుకొన్న జాతి మనది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పిల్లలు ఎక్కాలతో పాటు వల్లించిన రోజులు పెద్దల జ్ఞాపకాలలో నేటికీ ఉన్నాయి. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ‘సార సంగ్రహ గణితం’గా తెనిగించి, లెక్కలను పద్యాలలో పొదిగాడు. పద్యంలో గణం తప్పితే వినేవారి చెవికి వెంటనే తెలుస్తుంది. కొలత తప్పినప్పుడు అంత సులభంగా తెలియదు. ముఖ్యంగా రసాయన ప్రయోగశాలలో సరిగా తయారైన ద్రావణమూ, తప్పుగా తయారైన ద్రావణమూ ఒకే విధంగా తేటగా కనిపిస్తాయి. వాటి రంగులో, రుచిలో, వాసనలో భేదాన్ని వెతకడం వ్యర్థం, ప్రమాదకరం కూడా. ఆ రెండింటిని వేరుచేసి చూపగలిగినది లెక్క ఒక్కటే. ఆ లెక్క పేరు మోలారిటీ. మనం త్రాగే నీటి మంచిచెడ్డలను నిర్ణయించే పరీక్షలకు ఇది ఆధారం కావున, ఏ విభాగంలో చదువుతున్న విద్యార్థి అయినా దీనిని తెలుసుకోవడం మేలు.

మణికొండ నీరు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున గచ్చిబౌలి, పుప్పాలగూడ, నార్సింగి ప్రాంతాల సరసన మణికొండ ఉన్నది. పేరులోనే కొండను నిలుపుకొన్న ఈ ఊరు గ్రానైటు శిలల నేలపై వెలసింది. దీనికి కొద్ది దూరంలోనే గండిపేట జలాశయం ఉన్నది. 1908లో మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, వరదలను అదుపు చేయడానికి, నగరానికి త్రాగునీరు అందించడానికి 1920లో ఈ ఉస్మాన్‌సాగరాన్ని, 1927లో హిమాయత్‌సాగరాన్ని నిర్మించారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ పడమటి ప్రాంతమంతా సాఫ్ట్‌వేర్ సంస్థలతోను, బహుళ అంతస్తుల భవనాలతోను నిండిపోయింది. జనం పెరిగిన కొద్దీ నీటి అవసరమూ పెరిగింది. కొళాయి నీటికి తోడు బోరు నీరు, ట్యాంకరు నీరు ఇక్కడి గృహస్థుల నిత్యావసరాలైనాయి.

వాన నీరు సహజంగా మృదువైనది. అది నేలలోకి ఇంకి, రాతి పగుళ్ల గుండా నెమ్మదిగా సాగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను తనలో కరిగించుకొంటుంది. ఇటువంటి నీటిని కఠిన జలం అంటారు. కఠిన జలంతో సబ్బు సరిగా నురగ రాదు. పప్పు త్వరగా ఉడకదు. గీజరులో తెల్లని పెచ్చులు పేరుకొంటాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణాల ప్రకారం, నీటి కఠినత్వం కాల్షియం కార్బొనేటుగా లెక్కించినప్పుడు లీటరుకు 200 మి.గ్రా. మించకుండుట మంచిది. వేరొక నీటి వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతించవచ్చు.

మణికొండలోని ఒక భవన సముదాయంలో బోరు నీటి కఠినత్వం ఎంతో తెలుసుకోవాలని నివాసులు కోరారని అనుకుందాం. నీటిని మృదువుగా మార్చే ఖరీదైన యంత్రాన్ని కొనవలెనా, అవసరం లేదా అన్నది ఆ పరీక్ష ఫలితంపై ఆధారపడి ఉంటుంది. పరీక్షకు కావలసిన మొదటి వస్తువు గాఢత ఖచ్చితంగా తెలిసిన ఒక ద్రావణం. దానినే ప్రమాణ ద్రావణం అంటారు.

తూకమా? సంఖ్యా?

గాఢతను చెప్పడానికి లీటరుకు ఇన్ని గ్రాములు అంటే సరిపోదా? మధ్యలో ఈ మోల్ అనే మాట ఎందుకు? ఈ సందేహం సహజమైనదే.

పెండ్లి పంక్తిలో విస్తళ్లను తూకం వేసి పరచరు. ఎందరు అతిథులు కూర్చుంటే అన్ని విస్తళ్లు వేస్తారు. అక్కడ కావలసినది సంఖ్య. రసాయన చర్యలో కూడా అంతే. ఒక పదార్థపు కణం మరొక పదార్థపు కణంతో కలుస్తుంది. ఆ కలయికలో బరువులు సమానం కానక్కరలేదు. కణాల సంఖ్య మాత్రం ఒక నియమానికి లోబడి ఉండాలి. 58.44 గ్రాముల ఉప్పులో ఎన్ని సోడియం క్లోరైడు ప్రమాణాలు ఉంటాయో, 342.3 గ్రాముల పంచదారలో అన్నే పంచదార అణువులు ఉంటాయి. తూకాలు వేరైనా సంఖ్య ఒక్కటే.

అణువులను కంటితో చూచి లెక్కించలేము. కావున శాస్త్రజ్ఞులు తూకం ద్వారా సంఖ్యను రాబట్టే మార్గాన్ని కనుగొన్నారు. అరటిపండ్లకు డజను ఎటువంటిదో, కణాలకు మోల్ అటువంటిది. డజను అంటే పన్నెండు; మోల్ అంటే సుమారు 6.022 × 10²³. దీనికి ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో పేరు పెట్టారు. 1971లో మోల్‌ను అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో చేర్చినప్పుడు 12 గ్రాముల కార్బన్-12లోని పరమాణువుల సంఖ్యను దానికి ఆధారంగా తీసుకొన్నారు. 2019 మే 20 నుండి 6.02214076 × 10²³ అనే స్థిరసంఖ్యనే దాని నిర్వచనంగా ఆమోదించారు. ఏ పదార్థపు అణుభారాన్నైనా గ్రాములలో తూచి తీసుకొంటే అది ఒక మోల్ అవుతుంది.

మూడు మాటలు, ఒక నిర్వచనం

ఒక లీటరు ద్రావణంలో కరిగి ఉన్న ద్రావితపు మోల్‌ల సంఖ్యను ఆ ద్రావణపు మోలారిటీ అంటారు. ఈ నిర్వచనంలో విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసిన మాట ‘ద్రావణం’. ద్రావితం, ద్రావణి, ద్రావణం అనే మూడు పదాలకూ మూలం ఒక్కటే. కరిగిపోయినది ద్రావితం, కరిగించుకొన్నది ద్రావణి, ఆ రెండింటి కలయిక ద్రావణం. చివరి అక్షరాలలో స్వల్పమైన మార్పు వలన అర్థం ఎంతగా మారుతుందో చూడండి. లీటరు ద్రావణిలో ఒక మోల్ పదార్థాన్ని కలిపితే ఏర్పడిన ద్రావణం సరిగా లీటరు ఉండదు. కొంత ఎక్కువ కావచ్చు, కొన్ని సందర్భాలలో తక్కువ కావచ్చు. అందువలన ముందుగా పదార్థాన్ని కొద్ది నీటిలో కరిగించి, తరువాత మొత్తం ద్రావణం లీటరు అయ్యే వరకు నీటిని చేర్చాలి. మాట తెలియక చేసిన తప్పు ఇక్కడ సీసాలోకి చేరుతుంది. భాషలో స్పష్టత శాస్త్రానికి కూడా అవసరమని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

లెక్క చేయవలసిన విధానం సులభమైనది.

కావలసిన బరువు (గ్రాములు) = మోలారిటీ × అణుభారం × ఘనపరిమాణం (లీటర్లు)

కఠినత్వాన్ని కొలవడానికి ఇథిలీన్ డైఅమీన్ టెట్రా ఎసిటిక్ ఆమ్లపు డైసోడియం లవణాన్ని ఉపయోగిస్తారు. పొడవైన ఈ పేరును అందరూ ఈడీటీఏ అని సంక్షిప్తంగా పిలుస్తారు. స్విట్జర్లాండుకు చెందిన గెరోల్డ్ ష్వార్జెన్‌బాక్ 1940వ దశకంలో దీనిని లోహ అయానుల కొలతకు ప్రవేశపెట్టాడు. ఎండ్రకాయ తన డెక్కలతో ఆహారాన్ని పట్టుకొన్నట్లు, ఒక ఈడీటీఏ కణం ఒక కాల్షియం లేదా మెగ్నీషియం అయానును చుట్టి పట్టుకొంటుంది. ఒకటికి ఒకటి, ఇదే ఇక్కడి నియమం.

ప్రయోగశాలలో లభించే ఈ లవణపు స్ఫటికాలలో ప్రతి అణువుతోను రెండు నీటి అణువులు చేరి ఉంటాయి. ఈ స్ఫటిక జలంతో కలిపి అణుభారం 372.24. 0.01 మోలారిటీ గల ఒక లీటరు ద్రావణం కావాలనుకొంటే:

0.01 × 372.24 × 1 = 3.7224 గ్రాములు

ద్రావణాన్ని తయారుచేయడం

ముందుగా స్వేదన జలంతో కడిగిన ఒక లీటరు ప్రమాణ కుప్పెను సిద్ధం చేసుకోవాలి. దాని సన్నని మెడపై ఒకే ఒక గీత ఉంటుంది. మెడ సన్నగా ఉండడానికి కారణం ఉన్నది: నీరు కొన్ని చుక్కలు ఎక్కువైనా అక్కడ మట్టంలో తేడా కంటికి కనిపిస్తుంది. వెడల్పాటి బీకరుపై ఉండే గీతలు స్థూలమైన అంచనాకే గాని ప్రమాణ ద్రావణానికి పనికిరావు.

సూక్ష్మమైన త్రాసులో 3.7224 గ్రాముల లవణాన్ని తూచి, బీకరులోని కొద్దిపాటి స్వేదన జలంలో కరిగించాలి. ఈ లవణం నెమ్మదిగా కరుగుతుంది, తొందరపడరాదు. పూర్తిగా కరిగిన తరువాత గరాటు ద్వారా కుప్పెలోకి పోయాలి. బీకరును, గాజు కడ్డీని, గరాటును రెండు మూడు సార్లు కొద్ది కొద్ది నీటితో కడిగి, ఆ నీటిని కూడా కుప్పెలోకే చేర్చాలి. పిండివంటకు పిండి కలిపేటప్పుడు పళ్లెం అంచుకు అంటుకొన్నది పోయినా నష్టం లేదు. ఇక్కడ బీకరు అంచున మిగిలినది మన లెక్కలో ఉన్నది, కుప్పెలో లేనిది అవుతుంది.

తరువాత గీతకు కొంచెం దిగువ వరకు నీరు పోసి, చివరి చుక్కలను డ్రాపరుతో చేర్చాలి. నీటి పైమట్టం మెడలో నెలవంక వలె క్రిందికి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగుభాగం గీతను తాకాలి. చూసేటప్పుడు కన్ను గీతతో సమానమైన ఎత్తులో ఉండాలి. చివరకు మూత బిగించి, కుప్పెను పలుమార్లు తలక్రిందులు చేసి కలపాలి. లేనిచో అడుగున చిక్కగాను, పైన పలుచగాను ఉండిపోతుంది.

ఉష్ణోగ్రతను కూడా గమనించాలి. సాధారణంగా కుప్పెపై గీత 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సరిపడునట్లు గుర్తించబడి ఉంటుంది. వేసవిలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు నీరు వ్యాకోచిస్తుంది. 20 నుండి 40 డిగ్రీలకు వేడెక్కిన నీటి ఘనపరిమాణం సుమారు 0.6 శాతం పెరుగుతుంది. కణాల సంఖ్య మారలేదు, చోటు పెరిగింది. కావున మోలారిటీ ఆ మేరకు తగ్గుతుంది.

పరీక్ష, ఫలితం

ఇప్పుడు బోరు నీటిని 100 మి.లీ. పిపెట్టుతో శాంకవ కుప్పెలోకి తీసుకొని, పీహెచ్ విలువ సుమారు 10 ఉండునట్లు అమ్మోనియా బఫర్ ద్రావణాన్ని, సూచికగా ఎరియోక్రోమ్ బ్లాక్ టీని చేర్చాలి. నీరు ద్రాక్షరసపు ఎరుపుకు తిరుగుతుంది. బ్యూరెట్టులోని ఈడీటీఏను చుక్క చుక్కగా వదులుతూ పోతే ఎరుపు పోయి స్వచ్ఛమైన నీలం వస్తుంది. అదే అంత్యబిందువు. నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అయానులన్నీ పట్టుబడినాయని దాని అర్థం.

0.01 మోలారిటీ గల ఈడీటీఏ ఒక మి.లీ.లో 0.00001 మోల్ ఉంటుంది. కాల్షియం కార్బొనేటు అణుభారం సుమారు 100. అంటే ఒక మి.లీ. ఈడీటీఏ ఒక మి.గ్రా. కాల్షియం కార్బొనేటుకు సమానం. తీసుకొన్న నీరు 100 మి.లీ. కనుక, బ్యూరెట్టులో ఖర్చయిన ప్రతి మి.లీ. లీటరుకు 10 మి.గ్రా. కఠినత్వాన్ని తెలుపుతుంది. 19 మి.లీ. ఖర్చయితే కఠినత్వం 190 మి.గ్రా. ఆ నీరు 200 అనే హద్దుకు లోబడి ఉన్నది. లెక్క ఇంత తేలికగా రావడానికి కారణం ద్రావణాన్ని గ్రాములతో కాక మోల్‌లతో కొలుచుకొనడమే.

కనిపించని తప్పు

స్ఫటిక జలాన్ని మరచి, నీరు లేని లవణపు అణుభారం 336.21ని లెక్కలో వేసిన విద్యార్థి ఒకడున్నాడని ఊహించండి. అతడు 3.3621 గ్రాములే తూచుతాడు. అతని గుణకారం సరిగానే ఉన్నది. త్రాసూ సరిగానే ఉన్నది. ద్రావణం తేటగా ఉన్నది. సీసాపై 0.01 అని వ్రాసి ఉన్నది. కాని అందులోని నిజమైన మోలారిటీ 3.3621 ÷ 372.24, అంటే సుమారు 0.00903 మాత్రమే. ద్రావణం పలుచన కావడం వలన అదే బోరు నీటికి 19 మి.లీ.కి బదులు సుమారు 21 మి.లీ. ఖర్చవుతుంది. కఠినత్వం 210 అని ఫలితం వెలువడుతుంది. 190 ఉన్న నీరు హద్దు దాటినట్లు కాగితంపై నమోదవుతుంది. నివాసులు అవసరం లేని యంత్రాన్ని కొంటారు.

ఈ తప్పును పట్టుకొనేందుకు ఒక మార్గం ఉన్నది. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటును ఒక గ్రాము తూచి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఒక లీటరుకు పూరిస్తే 0.01 మోలారిటీ గల ద్రావణం లభిస్తుంది. దీనిలో 25 మి.లీ. తీసుకొని ఈడీటీఏతో అంశమాపనం చేయాలి. ఒకటికి ఒకటి అనే నియమం ప్రకారం 25 మి.లీ. ఈడీటీఏ ఖర్చు కావాలి. పైన చెప్పిన విద్యార్థి సీసాలోని ద్రావణమైతే సుమారు 27.7 మి.లీ. ఖర్చవుతుంది. అప్పుడు

25 × 0.01 ÷ 27.7 = 0.00903

అని అసలు మోలారిటీ బయటపడుతుంది. దీనినే ప్రమాణీకరణం అంటారు. సాక్షి మాటను మరొక సాక్షి మాటతో సరిచూచినట్లు, ఒక ద్రావణాన్ని మరొక ద్రావణంతో సరిచూడడం ఇందులోని ధర్మం. చీటీపై వ్రాసిన అంకె కేవలం మన ఉద్దేశం; ప్రమాణీకరణంలో తేలిన అంకె వాస్తవం.

నల్లగొండ చెప్పిన పాఠం

కఠినత్వం విషయంలో తప్పు జరిగితే సాధారణంగా ధనం నష్టపోతాము. అదే లెక్క దేహాన్ని, జీవితాన్ని శాసించే సందర్భాలూ ఉన్నాయి. మణికొండకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని నల్లగొండ ప్రాంతం కూడా గ్రానైటు నేలయే. అక్కడి రాళ్లలోని ఖనిజాల నుండి భూగర్భ జలంలోకి ఫ్లోరైడు చేరింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాలలోని గ్రామాలు తరతరాలుగా ఆ నీటి వలన బాధపడ్డాయి. ఫ్లోరైడు ఎక్కువైతే పండ్లపై గారలు ఏర్పడతాయి, ఏళ్ల తరబడి త్రాగితే ఎముకలు బిగుసుకొంటాయి, వెన్ను వంగిపోతుంది. మన దేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి శాస్త్రీయ నివేదికలలో ఒకటి 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుండి వెలువడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగు పొడిలతో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఒక వ్యాధిపీడిత ప్రాంతం పేరు ఆ విధంగా ప్రపంచ శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. సబ్బు చక్కగా నురగ వచ్చే మెత్తని నీటిలో సైతం అది ఉండవచ్చు. త్రాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. ఉండడం ఆమోదయోగ్యం, వేరొక వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకే అనుమతి. మోలారిటీలో చెప్పాలంటే 1.5 మి.గ్రా. అనగా సుమారు 0.00008. ఇంత స్వల్ప పరిమాణాన్ని పట్టుకొనడానికి, నీటి నమూనాను ఫ్లోరైడు పరిమాణం ముందుగా తెలిసిన ప్రమాణ ద్రావణాలతో పోలుస్తారు.

ఆ ప్రమాణ ద్రావణానికి సోడియం ఫ్లోరైడు కావాలి. దాని అణుభారం 41.99, అందులో ఫ్లోరైడు వంతు 19. లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడు కావాలంటే 100 × 41.99 ÷ 19 = 221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడును తూచాలి. ఈ ద్రావణం 10 మి.లీ. తీసుకొని 100 మి.లీ.కి పెంచితే లీటరుకు 10 మి.గ్రా. అవుతుంది. దానిలో 15 మి.లీ. తీసుకొని తిరిగి 100 మి.లీ.కి పెంచితే 1.5 మి.గ్రా. అవుతుంది. మొదటి గాఢత, మొదటి ఘనపరిమాణాల లబ్ధం, తుది గాఢత, తుది ఘనపరిమాణాల లబ్ధానికి సమానం: 10 × 15 = 1.5 × 100. నీరు చేర్చినా కణాల సంఖ్య మారదనే సత్యమే ఈ సూత్రం.

ఇక్కడ తొలి ద్రావణాన్ని చేసినవాడు ప్రమాణ కుప్పెకు బదులు స్థూలమైన గీతలున్న పాత్రను వాడి, లీటరు అనుకొంటూ 900 మి.లీ. వద్దనే ఆగిపోయాడనుకుందాం. ద్రావణం చిక్కబడింది. దాని నుండి చేసిన ప్రతి ద్రావణమూ అదే పాళ్లలో చిక్కబడుతుంది. వాటితో పోల్చి చూసిన నీటిలో ఫ్లోరైడు ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. 1.6 మి.గ్రా. ఉన్న బావి నీరు 1.44 అని నమోదవుతుంది. హద్దు దాటిన నీరు హద్దులోపల ఉన్నట్లు చీటీ వెలువడుతుంది. ఆ బావి నీటిని త్రాగే పిల్లలకు ప్రయోగశాలలో ఒక కుప్పె గీత తప్పిందన్న సంగతి ఎన్నటికీ తెలియదు. ఏళ్లు గడచిన తరువాత పండ్లపై మచ్చలు మాత్రం కనిపిస్తాయి.

అందువలన ద్రావణాన్ని తయారుచేసినవారు సీసాపై పదార్థం పేరు, స్ఫటిక జలంతో కూడిన అణుభారం, మోలారిటీ, తయారుచేసిన తేదీ, ప్రమాణీకరణం జరిపిన తేదీ వ్రాయాలి. దానిని ఉపయోగించేవారు ఆ చీటీని చదవాలి, సందేహం కలిగితే మళ్లీ సరిచూడాలి. లెక్క పుస్తకంలో తూకాన్ని తూచినట్లే నమోదు చేయాలి. రావలసిన అంకెను చూచుకొని దిద్దరాదు.

మోలారిటీ లెక్కలో ఉన్నది ఒక గుణకారం, ఒక భాగహారం మాత్రమే. పదవ తరగతి గణితం చాలు. అయితే ఆ గుణకారానికి ముందు సరియైన అణుభారాన్ని ఎంచుకొనే వివేకం, తూచేటప్పుడు ఓర్పు, గీత వద్ద ఆగే నిగ్రహం, ఫలితాన్ని మరొకసారి సరిచూచే నిజాయితీ కావాలి. మణికొండ బోరు నీటిని పరీక్షించినా, నల్లగొండ బావి నీటిని పరీక్షించినా కావలసిన గుణాలు ఇవే. పరీక్ష చేసేవారిని ఎన్నడూ చూడని మనుషులు ఆ ఫలితాన్ని నమ్మి గ్లాసు ఎత్తి నీరు త్రాగుతారు.